ఎవరి మాట ఎవరి ఫోన్‌లో

ద్వాళి కొత్త ఫోన్‌ను బియ్యం డబ్బాలో పడేసి మూత బిగించింది.

"అది గాడనే ఉండనీ. నోరు మూసుకుంటదో, బియ్యంతోటి ముచ్చట పెడతదో సూద్దాం," అంది.

పళ్ళు తోముకుంటున్న హారిక బ్రష్ నోట్లో ఉంచుకునే నిలబడిపోయింది. తండాలో తల్లులందరూ పిల్లల్ని లంబాడీలో తిడతారు. ద్వాళికి మాత్రం కోపం వస్తే తెలుగే వస్తుంది. ఏళ్ళ తరబడి త్రిపురారం రైతులతో నాట్ల బేరాలాడిన నోరు మరి.

"ఫోన్ ఏం జేసింది యాడీ?" అంది హారిక. అమ్మను ఆ ఇంట్లో అలాగే పిలుస్తారు. "నీకు ఈజీగ ఉంటదని ఏరికోరి తెచ్చిన."

"ఏరికోరి తెచ్చినవ్. నిన్న సోమయ్య పటేల్ ఫోన్ జేసిండు. పటేలా బాగున్నవా అని నేను అంటనే ఉన్న, నడుమ ఎవతో దూరింది. 'ఈ కాల్ రికార్డ్ చేయబడుతోంది' అంట. ఆయన ఏమన్నడో ఎరికేనా? 'నేనేం దొంగనా మేస్త్రమ్మా, నా మాట పట్టి పెట్టుకుంటున్నవ్' అని కట్ జేసిండు. మల్ల నేను జేస్తే ఎత్తలే."

"ఒక్క సోమయ్య కోసమా ఇంత..."

"ఒక్క సోమయ్యనా?" ద్వాళి చేతిలోని చాట కింద పెట్టింది. "ఆయన ఎవర్ని పిలిస్తే ఆ కాల్వ కిందోళ్ళందరు వాళ్ళనే పిలుస్తరు. నీళ్ళు ఇడిసిండ్రు. నారు ముదురుతున్నది. మిర్యాలగూడ టేషన్ల నాట్లేసే బెంగాలోళ్ళు ముఠాలు ముఠాలు దిగుతున్నరు. మన ఆడోళ్ళు ఈ సీజన్ ఏం తినాలె, నీ ఫోనా?"

ఆ మాట నిజమే. తండాలో ఇరవైమంది ఆడవాళ్ళు నాట్లకు పోవాలంటే ద్వాళి ఫోన్ మోగాలి. ద్వాళికి చదువు రాదు. పొద్దంతా రైతులు చెప్పిన మాటలను సాయంత్రం అరుగు మీద కూర్చుని మళ్ళీ వినేది. ఎవరి మడి ముందు, ఎంతమంది కావాలి, నారు వాళ్ళే పీకి పెడతారా లేదా, అన్నీ ఆ వినికిడిలోనే తేల్చుకునేది. పాత ఫోన్ వచ్చిన మాటనల్లా దాచిపెట్టేది, కిక్కురుమనేది కాదు. దాని అద్దం పగిలిందని హారిక కొత్తది కొనిచ్చింది. ఇది కూడా దాచిపెడుతుంది కానీ ఊరంతా చాటి మరీ దాస్తుంది.

బయట ఆటో తుడుస్తున్న హారిక తండ్రి మోతీలాల్ అక్కడినుంచే అన్నాడు. "మొగుడు పెండ్లాం మాట్లాడుకున్నా చెప్తదేమో. జర నాతోని సూసి మాట్లాడు ద్వాళీ."

"నీ మాటలు దాచుకునేంత విలువయినయి గాదులే," అంది ద్వాళి. హారిక డబ్బా మూత తీసి ఫోన్‌ను బ్యాగులో వేసుకుంది.

ఆటోలో మిర్యాలగూడ చేరేదాకా ఆమె మనసు ఒక్కచోటే తిరిగింది. తను తప్పు చేయలేదు. పాత ఫోన్‌లో కంపెనీవాళ్ళు కూరిన చెత్తంతా, తెర తెరిస్తే ప్రకటనలు, ఒక్క పనికి రెండేసి యాప్‌లు, అవన్నీ చూసి విసిగి, ఏ అలంకారాలూ లేని సాదా ఫోన్ ఎంచింది. ఒకచోట నేర్చుకుంటే అన్నిచోట్లా అదే పనికి రావాలని ఆమె పట్టుదల. అమ్మ మాటలు మళ్ళీ వినుకోవాలి కదా అని రికార్డింగ్ తనే ఆన్ చేసింది, పైగా అమ్మకోసమని భాష కూడా తెలుగులో పెట్టింది. ఇంగ్లీషులో ఉంచినా బాగుండేది, ఆ ఆడగొంతు ఏం చెప్పినా సోమయ్యకు అర్థమయ్యేది కాదు. అమ్మ మీద ప్రేమే కొంప ముంచింది.

అదంతా సరే. రెండు ఫోన్లూ చేసే పని ఒకటే అయినప్పుడు, పాతది ఎందుకు నోరు మూసుకుంది? ఇది ఎందుకు చెబుతోంది? హారికకు ఇలాంటి ప్రశ్న ఒకటి దొరికితే అన్నం సయించదు.

వేణు మొబైల్స్‌లో ఆమె చేరి ఏడాది కాలేదు. వేణుది కోదాడ. సూర్యాపేటలో సెల్ రిపేరు నేర్చుకుని మిర్యాలగూడలో కొట్టు పెట్టాడు. మాటకారి, పనిమంతుడు, కస్టమర్లను దేవుళ్ళలా చూసుకుంటాడు. ఫోన్ కొన్న ప్రతి ఒక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, సిమ్ వేసి, అన్నీ తనే సర్ది చేతిలో పెడతాడు. ఆ మర్యాదకోసమే త్రిపురారం నుంచి హుజూర్‌నగర్ దాకా జనం అతని దగ్గరికొస్తారు.

హారిక కౌంటర్ మీద ఐదు కంపెనీల ఫోన్లు వరసగా పెట్టింది. ఒక్కొక్కదాని నుంచి తన ఫోన్‌కు కాల్ చేసి రికార్డింగ్ నొక్కింది. రెండు గట్టిగా చెప్పాయి. రెండు గుట్టుగా ఊరుకున్నాయి. ఒకదాంట్లో ఆ బటనే లేదు.

"పొద్దున్నే ఏం పరీక్షలమ్మా ఇవి?" అన్నాడు వేణు.

"అన్నా, ఇవన్నీ లోపల ఒక్కటే గద. మరి ఐదు ఐదు తీర్ల ఎందుకున్నయి?"

వేణుకు ఇలాంటి ప్రశ్నలు ఇష్టమే. "ఇడ్లీ పిండి ఒకటేనమ్మా. ఒకడు దోసె పోస్తాడు, ఒకడు ఊతప్పం వేస్తాడు. అసలు సిస్టం తయారుచేసినోళ్ళు పిండి ఇస్తారు. కంపెనీలు ఎవరికి తోచినట్టు వాళ్ళు వండుకుంటారు. మీ అమ్మ పాత ఫోన్ కంపెనీ కాల్ మాట్లాడే యాప్ కూడా సొంతగా చేసుకుంది. అందుకే సప్పుడు లేదు. నువ్వు కొన్నది సాదాది గదా. దాంట్లో అసలోళ్ళ యాప్ ఉంటది. అది ప్రపంచమంతా ఒకటే. కొన్ని దేశాల్లో చెప్పకుండా రికార్డ్ చేస్తే కేసు అవుతది. అందుకని అందరికీ కలిపి ఒకటే రూలు పెట్టేశారు."

"అంటే ఎక్కడో దేశంల కేసయితదని త్రిపురారంల నాట్లు ఆగినయా?"

వేణు నవ్వాడు. "అందుకే నేను చెప్తా, కంపెనీకో తీరు ఉంటేనే మంచిది. అందరికీ ఒకటే చొక్కా కుడితే ఎవరికీ సరిపోదు. ఇటివ్వు, ఇంగ్లీషులోకి మార్చేస్తా. గొడవ పోతది."

రెండు నొక్కుల్లో మార్చి ఇచ్చాడు. హారిక ఫోన్ తీసుకుంది గానీ కదల్లేదు.

"ఇంకొకటి అన్నా. గుట్టుగ రికార్డ్ చేసే ఫోన్ల గూడ కంపెనీ నుంచి వచ్చినప్పుడు అది ఆఫ్‌ల ఉంటది. కొత్త పీసు ఇప్పుడే తెరిచి సూసిన. మరి ఈడనే కొన్న మా యాడి పాత దాంట్ల ఎవరు ఆన్ చేసిండ్రు? ఆమెకు సెట్టింగులల్లకు పోవుడే రాదు."

వేణు చేతిలో స్క్రూడ్రైవర్ ఒక్క క్షణం ఆగింది.

"పెద్దోళ్ళు ఏదో ఒకటి నొక్కుతూనే ఉంటారమ్మా," అన్నాడు. అప్పుడే ఎవరో ముసలాయన ఫోన్ నిండిపోయి ఫోటో కూడా దిగడం లేదని వచ్చాడు. వేణు ఆయనను "రండి రండి" అంటూ లోపలికి తీసుకుపోయాడు. హారికకు ఆ జవాబు గొంతు దిగలేదు.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి ద్వాళి అరుగు మీదే ఉంది. ఫోన్ ఇంగ్లీషులో మాట్లాడుతుందని చెప్పగానే ద్వాళి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంటే చెప్తది, వాళ్ళకు తెల్వదు. అంతేనా?"

"అంతే."

"తెల్వని భాషల చెప్పుడు చెప్పుడెట్లయితది?"

"యాడీ, పాత ఫోన్ అసలు చెప్పనే చెప్పలేదు గద. అప్పుడు లేని నొప్పి ఇప్పుడేంది?"

"అప్పుడు చెప్పేదేమున్నది? ఫోనంటే మాట దాచుకునేదే గద. నా ఫోన్ల వాళ్ళ మాట ఉంటది, వాళ్ళ ఫోన్ల నా మాట ఉంటది. అందుకే నేను ఎన్నడు ఆడిన మాట తప్పలే. రేపు పొద్దున పటేల్ నా గొంతు నాకే ఇనిపిస్తే మొఖం ఏడ పెట్టుకోవాలె?"

హారికకు ముందు నవ్వొచ్చింది, వెంటనే పోయింది.

"అన్ని ఫోన్లు అట్ల ఉండయి యాడీ. నీ పాత ఫోన్ల ఉన్నది, అంతే. కొన్నిట్ల ఆ బటన్ గూడ ఉండదు. కంపెనీకో తీరు."

"సోమయ్య ఫోన్ల నా మాటలు లేవా?"

"ఎందుకుంటయి? ఆయనకు రికార్డింగంటేనే కోపమొచ్చె."

ద్వాళి ఫోన్‌ను అరుగు మీద పెట్టింది. పక్కింటి మేకలు ఇల్లు చేరాయి. మోతీలాల్ చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాడు.

"మరి ఇన్నేండ్లు ఆయన నన్ను ఎట్ల నమ్మిండు?" అంది ద్వాళి చివరికి. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలన్న ఆశ్చర్యం ఉంది. "ఎల్లుండి వస్తమంటే, సరే అనెటోడు. నారు పీకి పెట్టుకొని కూసునేటోడు. నా మాట ఆయన కాడ ఏం లేకుండనేనా?"

"నువ్వు మేస్త్రివి. నీ మీద నమ్మకం," అన్నాడు మోతీలాల్.

"ఆయన నమ్మిండు. నేను దాచుకున్న." ద్వాళి లేచింది. "బిడ్డా, దీంట్ల ఆ రికార్డింగ్ తీసెయ్యి. పటేల్‌కు చెయ్యి. నేను మాట్లాడాలె."

"ఏం మాట్లాడతవ్?"

"ఉన్నది చెప్త. పాత ఫోన్ల గూడ నీ మాటలున్నయని చెప్త."

మోతీలాల్ కంగారుగా అడ్డం వచ్చాడు. "నీకేమన్న పిచ్చా? కొత్త ఫోన్ల ఏదో పొరపాటని చెప్పు, సరిపోతది. పాతయి ఎవరడిగిండ్రు? నాట్లయినంక చెప్పుకో, ఎవరొద్దన్నరు. ఇరవై ఇండ్ల పొయ్యి మీద నీళ్ళు పోస్తవా?"

"నాట్లయినంక చెప్తే, పని తీసుకొని చెప్పినట్టయితది."

"నిజాలు చెప్పి బతికినోళ్ళను సూపియ్యి."

"నువ్వు అబద్ధాలు చెప్పి ఏం సంపాయించినవో ముందు సూపియ్యి," అంది ద్వాళి. మోతీలాల్ పక్కకు తప్పుకున్నాడు. హారికకు తండ్రి మాటే నిజమనిపించింది. తల్లిని చూస్తే మాత్రం తను ఇంగ్లీషులోకి మార్చుకొచ్చిన ఉపాయానికి సిగ్గేసింది. రికార్డింగ్ తీసేసి, సోమయ్యకు కాల్ కలిపింది.

ఈసారి ఎత్తాడు. వెనక మడి దమ్ము చేస్తున్న ట్రాక్టర్ చప్పుడు వినిపిస్తోంది.

"పటేలా, నేను. ఫోన్ పెట్టేయకు. ఇప్పుడు ఇది రికార్డ్ గాదు. కని పాత ఫోన్ల అయినయి. నువ్వు నాకు చెప్పిన మాటలన్ని దాంట్ల ఉన్నయి. అందరి ఫోన్లు అట్లనే ఉంటయనుకున్న. నీ కాడ నావి ఉన్నయనుకున్న. ఇయాల్నే తెలిసింది. అందుకే చెప్తున్న."

అవతల ట్రాక్టర్ ఒక మలుపు తిరిగింది.

"ఎన్నేండ్ల సంది?" అన్నాడు సోమయ్య.

"ఆ ఫోన్ కొన్నకాడికెళ్ళి."

"మా ఇంటామె నీతోని మాట్లాడినయి గూడనా?"

"నాకు జేసినయన్ని."

"రేపు పొద్దుగాల తండాకు వస్త. ఫోన్ల మాట్లాడ," అని పెట్టేశాడు.

"ఇగ ఖతం," అన్నాడు మోతీలాల్. ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

తెల్లవారి సోమయ్య బండి తండాలోకి వచ్చేసరికి ఆడవాళ్ళంతా ఆటో దగ్గర చేరి ఉన్నారు. సద్ది గిన్నెలు చేతుల్లో ఉన్నాయి. పని ఉందో లేదో తెలియక పుష్పాబాయి, సాలి గుసగుసలాడుకుంటున్నారు. సోమయ్యను చూడగానే ఆపేశారు.

కుర్చీ వేసినా సోమయ్య కూర్చోలేదు. మనిషి వాడిపోయి ఉన్నాడు.

"రాత్రి నాకు నిద్ర పట్టలే మేస్త్రమ్మా. నేను నీతోని ఏం తప్పు మాట్లాడిన్నో అని యాది చేసుకున్న. యాదికి వస్తలేదు. అదే పరేషాన్. నాకు యాదికి లేని నా మాట నీ కాడ ఉన్నది."

"పాత ఫోన్ లోపల్నే ఉన్నది పటేలా. తీస్కపో. పలగ్గొట్టుకో," అంది ద్వాళి.

"పలగ్గొడితే ఏమొస్తది?" సోమయ్య తల అడ్డంగా ఊపాడు. "నువ్వు చెప్పకుంటే నాకు తెల్వకనే పోతుండె. చెప్పినవ్. ఆ ఒక్కదానికి వచ్చిన. లేకుంటే నిన్ననే బెంగాలోళ్ళకు అడ్వాన్స్ ఇచ్చేటోణ్ణి." అతను అంగీ జేబులోంచి ఫోన్ తీసి హారిక వైపు చాపాడు. "బిడ్డా, నువ్వు ఫోన్ల షాపుల జేస్తవ్ గద. నా దాంట్ల గూడ అట్లనే పెట్టు. ఆమె మాట గూడ నా కాడ ఉండనీ. అప్పుడు సరిసమానం. లెక్క తేలిపాయె. ఆటో ఎక్కుండ్రి అందరు."

ఆడవాళ్ళలో ఒక్కసారిగా కదలిక వచ్చింది. మోతీలాల్ పరుగున పోయి ఆటో స్టార్ట్ చేశాడు. ద్వాళి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆమె ఏడవడం హారిక ఎప్పుడో గానీ చూడలేదు.

హారికకు మనసు తేలికైంది. ఫోన్ అందుకుంది. అదీ అమ్మ పాత ఫోన్ కంపెనీదే. సెట్టింగులు తెరిచింది, కాల్స్‌లోకి పోయింది, రికార్డింగ్ దగ్గర ఆగింది.

ముందే ఆన్ చేసి ఉంది.

నమ్మలేక వెనక్కి వచ్చి ఫైళ్ళు తెరిచింది. తెర నిండా పేర్లు. వేలితో జరిపినకొద్దీ జరుగుతూనే ఉన్నాయి. సోమయ్య భార్యవి, బిడ్డవి, ఎరువుల కొట్టువి, వియ్యంకుడివి. మధ్యమధ్యలో ద్వాళి మేస్త్రి, ద్వాళి మేస్త్రి.

"ఏంది బిడ్డా, అయితలేదా?" అన్నాడు సోమయ్య. "అది ఎప్పుడు సూసినా నిండిందనే అంటది. సగం సచ్చినట్టే నడుస్తది."

"తాతా, ఈ ఫోన్ ఏడ కొన్నరు?"

"ఏడనేంది, మీ వేణు కాడనే. కవర్ తీసి, సిమ్ ఏసి, అన్ని సక్కబెట్టి చేతిల పెట్టిండు. నిండినప్పుడల్ల ఆయన కాడికే పోత. ఖాళీ చేసి ఇస్తడు. ఎందుకు?"

నిన్న ఆగిన స్క్రూడ్రైవర్ హారిక కళ్ళ ముందుకొచ్చింది. అసలు సిస్టం ఒకటి, కంపెనీ వండింది ఒకటి, వాటి పైన మూడో వంట వేణుది, సర్ది ఇచ్చేటప్పుడే రికార్డింగ్ ఆన్ చేసేయడం. ఏ పుస్తకంలోనూ ఉండదది. వద్దన్నా ఊరుకోని మర్యాద. ఇప్పుడు "పెట్టిన తాతా" అని ఫోన్ తిరిగి ఇచ్చేస్తే చాలు. ఆటో కదులుతుంది, నాట్లు పడతాయి, కొట్టులో తన కొలువు నిలుస్తుంది. రాత్రి తల్లి లేచి నిలబడ్డ తీరు గుర్తొచ్చి ఆమెకు ఆ మాట నోట రాలేదు.

"పెట్టే పని లేదు తాతా. ముందే ఉన్నది. కొన్నకాడికెళ్ళి మీరు మాట్లాడినయన్ని దీంట్ల ఉన్నయి."

సోమయ్యకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "అందరియా?"

"అందరియి."

"నా బిడ్డ అత్తగారింటి నుంచి ఏడ్సుకుంట చేసిన ఫోన్లు గూడనా?"

హారిక తల వంచుకుంది.

సోమయ్య అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేలను చూశాడు. రాత్రంతా ద్వాళి మీద పెంచుకున్న బాధంతా ఎటు పోవాలో తెలియనట్టుంది అతని ముఖం.

"సూసినవా, నేననుకున్నదే నిజమాయె," అంది ద్వాళి మెల్లగా. దెప్పడానికి కాదు, ఆమెకు ఇంకా ఆశ్చర్యంగానే ఉంది. "నా మాట నీ కాడ ఉండనే ఉండె పటేలా. నీకు గూడ ఎవరు చెప్పలే."

"అది ఖాళీ చేసినప్పుడు వేణు ఇవన్ని ఇన్నడా బిడ్డా?" అన్నాడు సోమయ్య.

"నాకు తెల్వదు తాతా," అంది హారిక. నిజంగానే తెలియదు.

మోతీలాల్ ఆటో హారన్ కొట్టాడు. పొలంలో నీళ్ళున్నాయి, నారు పీకి ఉంది, పొద్దెక్కుతోంది. ఒక్కరూ ఎక్కలేదు. పుష్పాబాయి సద్ది గిన్నె కింద పెట్టి, రవికలోంచి ఫోన్ తీసి హారిక ముందు పెట్టింది.

"నాది గూడ సూడు బిడ్డా," అంది.

వెనక సాలి నిలబడింది. ఆమె వెనక ఇంకొకరు. ఆ ఫోన్లలో చాలావరకు హారిక చూపించి, బేరం తగ్గించి ఇప్పించినవే. మన తండావాళ్ళే కదా అని ప్రతి ఒక్కరినీ తనే వేణు దగ్గరికి లోపలికి పంపింది. జర కూసోండ్రి, అన్న అన్ని సెట్ చేసి ఇస్తడు అని.